రాలేని గంటలు

గోదావరిఖనిలో రాయమల్లు ఇంట్లో తెల్లవారగానే జరిగే మొదటి పని ఎవరి డ్యూటీ ఎప్పుడో తేల్చుకోవడం. కొడుకు సంపత్‌ది తేలికే. ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు, పొద్దున ఏడింటికి పోతే మళ్లీ రాత్రి ఎనిమిదికే రాక. మనవరాలు హర్షిణి కరీంనగర్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది కాబట్టి ఆమె లెక్కలోకి రాదు. చిక్కంతా కోడలు తిరుమలతోనే. చౌరస్తా దగ్గరి పెద్ద సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ ఆమెది. ఒకరోజు పదింటికి పోతుంది, మర్నాడు ఒంటిగంటకు, ఆ మర్నాడు మూడింటికి.

"ఇయ్యాల ఎన్నింటికి బిడ్డా?" అన్నాడు రాయమల్లు, చాయ్ గ్లాసు అందుకుంటూ.

"మూడింటికి మామా. దిగేసరికి తొమ్మిదైతది."

"నిన్న గూడ మూడే కదా?"

"నిన్న ఒకటి. మొన్న మూడు."

"ఎవడేసిండు గట్ల? ఒక పద్ధతీ పాడూ లేకుంట."

"ఎవలూ ఎయ్యలే మామా. యాప్ ఏసింది." తిరుమల ఈ మాట ఇప్పటికి నూరుసార్లు చెప్పి ఉంటుంది.

"యాప్ ఎనుక ఒకడుండడా? మా బాయిల గూడ మస్టర్ బుక్కు దానంతటది రాసుకోలే. క్లర్కు ముత్యం రాసేటోడు. ముత్యం దగ్గరికి పోయి నిలబడితే పనైతుండె."

గనిని బాయి అనడమే రాయమల్లుకు అలవాటు. ముప్పై ఆరేళ్లు ఆ బాయిలో దిగి తట్టలతో బొగ్గు మోశాడు. వారం ఫస్ట్ షిఫ్టు, వారం రెండో షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు. ఇంట్లో గడియారం ఆగిపోయినా ఆ వరస మాత్రం ఆగేది కాదు. మధ్యాహ్నం మూడింటికి సైరన్ కూయగానే కంపెనీ క్వార్టర్ల వరసలో ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాగుతుండేవి. నల్లటి మొహాలతో మగవాళ్లు సైకిళ్ల మీద వస్తుంటే పిల్లలు ఎవరి నాన్న ఎవరో నడకను బట్టి గుర్తుపట్టేవాళ్లు. పక్కింటి కోస్తా మనిషి వీర్రాజుకు ఈ నల్లబడటమంటే మహా చిరాకు, వచ్చీ రాగానే రెండు సబ్బులు అరగదీసేవాడు. ఎవరు ఎప్పుడు పోతారో, ఎప్పుడు వస్తారో, ఎవరి ఇంట్లో పిల్లలు ఏ వేళకు గట్టిగా అరవకూడదో వరసంతా తెలిసేది. కష్టం లేదని కాదు. ఈ వారం కష్టం నాదైతే వచ్చే వారం నీది, అంతే.

ఆ రోజుల గురించి రాయమల్లుకు మాట్లాడాలని ఉంటుంది. మాట్లాడటానికి ఇంట్లో భార్య సారవ్వ ఉంది. కానీ ఆమెతోనే ఇప్పుడు అసలు తిప్పలు.

రెండేళ్లుగా సారవ్వ మతి తప్పుతోంది. పొద్దున బాగానే ఉంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని కోడలిని దెప్పుతుంది, మొగుడిని గడ్డం గీసుకోమంటుంది. మధ్యాహ్నం మూడు దాటిందంటే మనిషి మారిపోతుంది. గడపలో నిలబడి వీధి చివరకు చూస్తుంది. "షిఫ్టు దిగే యాళ్లాయె, ఈయన ఇంకా రాలే" అంటుంది. "నేనే, ఈన్నే ఉన్న" అని రాయమల్లు ఎదురుగా నిలబడితే ఎగాదిగా చూసి, "ఎవలయ్యా నువ్వు? మా ఆయన డ్యూటీకి పోయిండు, తర్వాత రా" అంటుంది. ఒకసారి చీపురు కూడా ఎత్తింది. నలభై ఏళ్లు కాపురం చేసిన భార్య, నువ్వెవరని అడిగితే ఏ మగవాడికైనా గుండె చివుక్కుమంటుంది. రాయమల్లుకు కోపం వస్తుంది, కోపం వస్తే గొంతు పెరుగుతుంది, గొంతు పెరిగితే సారవ్వ ఏడుపు మొదలుపెడుతుంది.

ఆ వేళకు తిరుమల ఇంట్లో ఉంటే ఏ గొడవా ఉండదు. "మామకు ఓటీ పడిందట అత్తమ్మా, నిదానంగ వస్తడట" అని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోతుంది. రాయమల్లు దొంగలా వెనక గదిలో కూర్చుంటాడు. డ్యూటీలో ఉంటే బ్రేక్ దొరికినప్పుడు ఫోన్ చేసి అదే మాట చెబుతుంది. బ్రేక్ దొరకని నాడు ఇంట్లో రామరావణ యుద్ధమే.

అందుకే రాయమల్లు ఒక పని చేశాడు. మంచి పనే అనుకుని చేశాడు.

ఆ మధ్య హర్షిణి హాస్టల్‌లో తల్లిదండ్రుల మీటింగ్ ఉందని తిరుమల ఫోన్‌లో ఏదో నొక్కుతుంటే పక్కనే కూర్చుని చూశాడు. యాప్‌లో తెలుగులోనే రాసి ఉంది, "మీరు రాలేని సమయాలు" అని. కింద వారం రోజులకూ గంట గంటకూ గళ్లు. రాలేని గంట మీద వేలు పెడితే గడి ఎర్రగా అవుతుంది. ఓహో, ముత్యం క్లర్కు దగ్గర చెప్పుకోవడం లాంటిదే ఇదీ అనుకున్నాడు. ఇంట్లో ఇబ్బంది ఉంది, సాయంత్రాలు రాలేనని బాయి మీద చెప్పుకుంటే నాలుగు తిట్లు తిట్టి ఫస్ట్ షిఫ్టుకు మార్చేవాళ్లు. మస్టర్లు, అంటే హాజరు పడే రోజులు, ఒక్కటి కూడా తగ్గేవి కావు. ఒక ఆదివారం పొద్దున తిరుమల బట్టలు ఆరేయడానికి డాబా మీదకు పోయింది. ఫోన్ తెరిచే ఉంది. రాయమల్లు కళ్లజోడు పెట్టుకుని, రోజూ మూడింటి తర్వాతి గళ్లన్నీ ఒకటొకటిగా ఎర్రగా చేసి, కింద ఉన్న 'సేవ్' మీద గట్టిగా నొక్కాడు. ఇంక కోడలికి రోజూ పొద్దున షిఫ్టే పడుతుందని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

రెండు వారాల తర్వాత ఒక శుక్రవారం పొద్దున తిరుమల ఫోన్ చూసుకుని నిలబడిన చోటే నిలబడిపోయింది.

"ఏందిది? వారానికి మూడు రోజులే ఏసింది. అది గూడ నాలుగు గంటలే!"

ఆ రోజు సంపత్‌కు సెలవు, పక్క మీద నుంచే తల ఎత్తాడు. "మంచిదే కదా, ఇంటి పట్టున ఉంటవు."

"ఏం మంచిది? నెలకు ఇన్ని గంటలని ఉంటయి. తక్కువైతే కౌంటర్ మీది నుంచి తీసేసి, పిలిచిననాడు వచ్చేటోళ్ల లిస్టుల పెడ్తరు. మల్ల ఎన్నడు పిలుస్తరో ఏమో. నాలుగేండ్లాయె నేను ఆ కౌంటర్ మీద నిలబడవట్టి." చీర కుచ్చిళ్లు సరిచేసుకుని, జడ కూడా సరిగ్గా వేసుకోకుండానే బయలుదేరింది.

రాయమల్లు తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

తిరుమల షాపుకు పోయి మేనేజర్ రాజకుమారి మీద విరుచుకుపడింది. మీ వాళ్లకు గంటలన్నీ వేసుకుని నా నోట్లో మట్టి కొడతారా అని పదిమందిలో అరిచేసింది. రాజకుమారి మాట తూలలేదు. కంప్యూటర్ తన వైపు నుంచి ఆమె వైపు తిప్పి చూపించింది. రాలేని గంటలు మార్చింది తిరుమల ఫోన్ నుంచే, ఫలానా ఆదివారం పొద్దున ఏడు దాటాక. తిరుమలకు తల తీసేసినట్టయింది. అందరి ముందూ రాజకుమారికి దండం పెట్టి ఇంటి దారి పట్టింది.

ఆనాటి డ్యూటీ ముగించుకుని ఇల్లు చేరేసరికి మూడు కావస్తోంది. చెప్పులు గుమ్మం దగ్గర విసిరికొట్టిన చప్పుడుకే రాయమల్లుకు అర్థమైపోయింది.

"నా ఫోన్ ఎవలు ముట్టిన్రు?"

సంపత్ అయోమయంగా చూశాడు. "నేను ముట్టలే. నువ్వే పొరపాటున నొక్కినవేమో."

"పొరపాటున ఏడు రోజులు, దినానికి ఏడేసి గళ్లు నొక్కుతనా?"

"నేనే బిడ్డా," అన్నాడు రాయమల్లు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. "నీకు పొద్దున షిఫ్టు పడ్తదనుకున్న. మాపటీలి నీకు తిప్పలు తప్పుతయని..."

"నాకు తిప్పలని మీకు చెప్పిన్నా? ఎన్నడన్న చెప్పిన్నా మామా?"

"నీ మంచి కోసమే చేసిన."

"నా కోసం కాదు!" తిరుమల గొంతు వీధిలోకి వినబడేలా లేచింది. ఆ ఇంటి కోడలిగా వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆమె మామకు ఎదురు చెప్పడం అదే మొదలు. "మీ కోసం. మాపటీలి అత్తమ్మ ముందల కూసునుడు మీతోని అయితలేదు. ఆమె మిమ్మల్ని ఎవలని అడిగితే మీకు మనసు కష్టమైతది. ఆ పని నా నెత్తిన పెట్టి, నా నౌకరి మీదికి తెచ్చిన్రు. నాతోని ఒక్క మాట అడిగిన్రా?"

"ఇంక బందు జెయ్యి తిరుమలా," అన్నాడు సంపత్. "పోతే పోయింది. మానేస్తే అమ్మను గూడ చూసుకోవచ్చు."

"నువ్వు మానెయ్యరాదు? మీ అమ్మనే కదా!"

సరిగ్గా అప్పుడే సారవ్వ కొంగు సర్దుకుంటూ లోపలి నుంచి వచ్చింది. "ఏందే తిరుమలా, గా లొల్లి? మీ మామ వచ్చే యాళ్లాయె. ఇంకా రాలే."

తిరుమల అత్త భుజం మీద చెయ్యేసింది. "మామకు ఓటీ పడిందట అత్తమ్మా. నిదానంగ వస్తడట. నువ్వు రా, కూసో." ఆ కోపంలోనూ ఆమె గొంతు ఎంత మెత్తగా మారిందో రాయమల్లు విన్నాడు. నలుగురిలో అవమానపడి వచ్చిన మనిషి, ఆ అవమానం తెచ్చిపెట్టిన వాడి భార్యను బిడ్డలా పట్టుకుని లోపలికి తీసుకుపోతోంది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. చెప్పులేసుకుని బయటకు నడిచాడు.

ఆ నడక సూపర్‌మార్కెట్ దగ్గర ఆగింది. మేనేజర్ ఎవరని అడిగి నేరుగా పోయి నిలబడ్డాడు. చేతిలో టోపీ లేదన్న మాటే గానీ, అధికారి ముందు నిలబడ్డ పాత బొగ్గు కార్మికుడి నిలుపే అది.

"అమ్మా, నేను తిరుమల మామను. ఆ గళ్లు నొక్కింది నేను. దాని తప్పేం లేదు. నాకేం శిక్ష ఏస్తవో ఏసి, దానికి గంటలు మల్ల ఎయ్యి."

రాజకుమారి నవ్వలేదు. కుర్చీ జరిపి కూర్చోమంది. "మా నాయిన గూడ బెల్లంపల్లిల బాయి పనే జేసిండు కాకా. శిక్షలేం లేవు. అసలు నేను ఎయ్యను, నేను తియ్యను. సూడు." కంప్యూటర్‌లో గీతలు చూపించింది. పొద్దున గంటల మీద పొట్టివి, సాయంత్రం గంటల మీద పొడుగువి. "పోయినేడు ఇదే వారం, ఏ గంటల ఎన్ని బిల్లులైనయో గుర్తు పెట్టుకుంటది. కంపెనీ జీతాలు పడే దినం, పండుగ, వాన, అన్ని సూస్తది. సూసి, పొద్దున నలుగురు చాలు, సాయంత్రం పదకొండు మంది కావాలె అంటది. తర్వాత, ఎవలు ఏ గంటలకు వస్తమన్నరో సూస్తది. అన్ని గంటలకు వస్తమన్నోళ్లకు ముందుగల నింపుతది. సాయంత్రం రామన్నోళ్లకు పొద్దున మిగిలిందేందో అదేస్తది. మిగిలేది గింతే."

"ఎందుకు రామంటున్రో అడగదా?"

"అడగదు కాకా. రాని గంటలే దానికి తెలుస్తయి. ఎందుకు రారో దానికి తెల్వది."

"మాకు పని పంచే సర్దార్ బిక్షం ముందుగల తిట్టేటోడు, తర్వాత అడిగేటోడు," అన్నాడు రాయమల్లు. "ఇంట్ల ఎట్లున్నరు అని. తిట్టినా సరే, అడిగేటోడు. పోనీ నువ్వన్న దానికి చెప్పరాదు బిడ్డా, వారం వారం మార్చి ఎయ్యమని?"

"నా షిఫ్టు గూడ గదే ఏస్తది. ఎల్లుండి మా బిడ్డ పుట్టినరోజు. నాకు మూడు నుంచి పది."

"మరి నేనెవలికి దండం పెట్టాలె?" అన్నాడు రాయమల్లు.

రాజకుమారి ఉన్న దారి చెప్పింది. ఎర్ర గళ్లు తీసేసినా, వేసిన షిఫ్టులు రెండు వారాల దాకా మారవు. నెల తిరగడానికి పన్నెండు రోజులుంది. ఈలోపు ఎవరైనా రాలేక వదిలేసిన షిఫ్టులు ఫోన్‌లో కనబడతాయి, ముందు ఎవరు నొక్కితే వాళ్లవి. అవన్నీ సాయంత్రాలవే. అవి పట్టుకుంటే తిరుమల గంటలు పూర్తవుతాయి, కౌంటర్ నిలబడుతుంది.

"దాంతోని కొట్లాడితే లాభం లేదు కాకా," అంది లేస్తూ. "నేను గూడ ముందుగల మస్తు కొట్లాడిన. దానికి ఏం తెలుసో అండ్లకెళ్లే దానికి చెప్పాలె. గట్లయితేనే వింటది."

ఆ మాట దారి పొడుగునా రాయమల్లు వెంట వచ్చింది. యంత్రం సంగతి అలా ఉంచితే, ఆయనకు ఎందుకో సారవ్వ గుర్తొచ్చింది. రెండేళ్లుగా రోజూ ఆమెతో తను చేస్తున్నది కొట్లాటే. నేనే నీ మొగుణ్ని, రిటైరై ఎనిమిదేళ్లయింది, కళ్లు తెరిచి చూడు అని. ఆమెకు తెలిసిన రాయమల్లు వేరు. వాడు సాయంత్రం ఇంట్లో కూర్చుని ఉండడు. షిఫ్టు దిగి, వీధి చివర నుంచి నడుచుకుంటూ వస్తాడు. ఆ సంగతి తట్టేసరికి ముసలాయన నడుస్తున్నవాడల్లా ఆగి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక తిరుమల ముందు నిలబడ్డాడు. "తప్పైంది బిడ్డా. నువ్వన్నది నిజమే, నా కోసమే చేసుకున్న. ఆ ఖాళీ షిఫ్టులు కనబడితే పట్టుకో. మాపటీలి మీ అత్తను నేను సూసుకుంట."

తిరుమల కోపం పూర్తిగా పోలేదు. "ఎట్ల సూసుకుంటరు? మీరు ఒర్లుతరు, ఆమె ఏడుస్తది."

"ఒర్ల. ఒక్కనాడు సూడు."

గళ్ల మీద ఎరుపు తీసేసి, మర్నాటికి మూడు నుంచి తొమ్మిది ఖాళీ ఉంటే తిరుమల నొక్కింది. ఆ ఒక్కటే నొక్కింది. మిగతావి చూసి కూడా వదిలేసింది.

మర్నాడు ఆమె కౌంటర్ మీద ఉన్నదే గానీ మనసంతా ఇంటి మీదే. బియ్యం బస్తాకు రెండుసార్లు బిల్లు కొట్టేసి, ఒక పెద్దమనిషితో మాట పడింది. ఐదు దాటాక బ్రేక్ దొరికింది. స్టాకు గదిలో అట్టపెట్టెల మధ్య నిలబడి ఇంటికి ఫోన్ కలిపింది. ఎత్తగానే చెప్పాల్సిన ఓటీ మాట నోటి చివరే పెట్టుకుంది.

ఫోన్ ఎత్తింది రాయమల్లు. కానీ మాట వినబడింది వెనక నుంచి. సారవ్వ అరుస్తోంది, శాపనార్థాలు పెడుతోంది.

"మామా! ఏమైంది? మల్ల ఎవలని అడుగుతాందా?"

"లేదు బిడ్డా," అన్నాడు రాయమల్లు. "నేను ఎనుక గల్లీ నుంచి పోయి, సందు సివరకెళ్లి నడుసుకుంట వచ్చిన. చేతిల టిఫిన్ డబ్బా పట్టుకొని. జెర ఆలిస్యమైంది. మోకాళ్ల నొప్పులాయె కదా. ఫస్ట్ షిఫ్టు ఎప్పుడో దిగిరి, వీర్రాజు ఎప్పుడో ఇల్లు చేరె, నువ్వెక్కడ తిరిగొస్తున్నవని తిడ్తాంది."

"మిమ్మల్నేనా?"

"నన్నే! పేరు పెట్టి తిడ్తాంది బిడ్డా. మొకం గింత తెల్లగున్నదేంది, పనికి పోయినవా లేదా అంటే, బాయి మీదనే కడుక్కున్న అని చెప్పిన. నమ్మింది." ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "రెండేండ్లాయె నన్ను పేరు పెట్టి తిట్టక."

ఇంతలో ఫోన్ సారవ్వ చేతిలోకి పోయింది. "తిరుమలా, నువ్వేనా? మీ మామ వచ్చిండే. అన్నం పెడ్తాన. నువ్వు ఫికర్ పడకు, నీ పని సూసుకో."

తిరుమల అట్టపెట్టె మీద కూర్చుండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నిన్న మామను అన్న మాటలకు ఏడ్చింది, అత్త గొంతులోని ఆ ధీమాకు ఏడ్చింది. పెళ్లైన కొత్తలో ఆ ధీమాను చూసే కదా, ఈ ఇంట్లో తనకు భయం లేదనుకున్నది.

బ్రేక్ ఇంకా నాలుగు నిమిషాలుంది. మొహం తుడుచుకుని యాప్ తెరిచింది. వచ్చే వారానికి ఐదు సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయి. ఒకటొకటిగా అన్నీ నొక్కింది. లేచి కౌంటర్ దగ్గరికి పోయింది. జనం బారులు తీరి ఉన్నారు.